పెంగ్విన్ తల

జూన్ 14, శనివారం

అక్కకు, నీ తమ్ముడి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రాలేదు. మన రెండిళ్లలో కుశలం ఎవరికుంది గనక. ఆ వీడియో మళ్లీ కంటబడుతుందని నువ్వు ఫోను బీరువాలో పెట్టి తాళం వేశావని మేనకోడలు చెప్పింది. అందుకే ఈ కాగితం.

ముందు ఆఫీసు సంగతులు. నవ్వాలో ఏడవాలో నువ్వే చెప్పు. కూలర్ల కంపెనీ పెంగ్విన్ బొమ్మ మిట్టమధ్యాహ్నం షోరూమ్ ముందు గిరగిరా తిరిగి, తల పట్టుకుని, వెల్లకిలా పడిపోతే జనానికి అది ఆటలో భాగమనిపించింది. పాపం పెంగ్విన్ కూలర్ కొనుక్కోలేదేమో అని వీడియో కింద ఎవరో రాశారు. సోమవారం పొద్దున నా పరిస్థితి ఇదే అని ఇంకెవరో రాశారు. ఇప్పుడది స్టిక్కరు కూడా అయింది. మా రిసెప్షనిస్టు సెలవు దొరకలేదని దాన్ని నాకే పంపింది. లోపలున్నది మా బావ అని ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు.

మనిషి పోయాడని బయటపడ్డాక, నివాళి ప్రకటన తయారుచేయమని కంపెనీ వాళ్లు మా ప్రకటనల ఏజెన్సీకి చెప్పారు. లోగో పెద్దగా ఉండాలా చిన్నగా ఉండాలా అని గంటన్నర చర్చ. పెంగ్విన్ కంట్లో నీటిచుక్క పెడదామన్నాడు డిజైనర్. బావ ఫొటో వేద్దామన్నాను నేను. ఆ ముఖం ఎవరికి తెలుసు, పెంగ్విన్ అయితే అందరూ గుర్తుపడతారు అన్నారు. ముప్పయ్యేళ్లు ఊళ్లో సగం దుకాణాలకు తన చేత్తో పేర్లు రాసిన మనిషి, అక్కా. ఒళ్లు మండిపోయింది.

ఫ్లెక్సీలొచ్చి బావ కుంచెలు మూలపడ్డాక మా దగ్గర కరపత్రాలు పంచే పని ఇప్పించింది నేనే కదా. రోజూ పెంగ్విన్ వేషం వేసే అతను ఆ రోజు రాలేదు. బావ ఉత్సాహంగా అందులో దూరాడు. తన పొట్టకు వేరే దూది కుక్కక్కర్లేదని అందరినీ నవ్వించాడు. తల ఒక్కటే నాలుగు కిలోలుంటుంది. నోటి దగ్గర చిన్న జాలీ, వీపు వైపు బుల్లి ఫ్యాను. ఆ ఫ్యాను తిరగడం లేదని తర్వాత తెలిసింది. కూలర్ల కంపెనీ వాళ్ల ఫ్యానే అది. నా వల్లే పోయాడని నువ్వు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇక నువ్వడిగిన విషయం. వీడియోలో బావ రెండు చేతులతో పెంగ్విన్ తల పైకెత్తబోతుంటే పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని కిందికి నొక్కుతుంది. అది ఎవరిదో కనుక్కోమన్నావు. కొట్టను, తిట్టను, ఎదురుగా నిలబెట్టి ఎందుకు నొక్కావని ఒక్కటే అడుగుతానన్నావు. అది అడిగేదాకా కంటికి కునుకు రాదన్నావు.

జనం ముందు తల తీయకూడదన్నది మా పనిలో మొదటి నియమం. లోపలి మనిషి కనిపిస్తే బొమ్మ చచ్చిపోతుందని కొత్తవాళ్లకు మేమే నూరిపోస్తాం. ఆ రోజు కరపత్రాలు పంచడానికి పదిమందిని పిలిచాం. ఎవరు ఎటు పోయారో తెలియదు. వాళ్లలో ఎవరో ఆ నియమానికి భయపడి నొక్కి ఉంటారు. ఇక వదిలెయ్. పేరు తెలిస్తే మాత్రం బావ తిరిగొస్తాడా?

వేళకు తిను. పాపను తిట్టకు, అది నీకన్నా ఎక్కువ బెంగపెట్టుకుంది.

నీ తమ్ముడు

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. ఆ చెయ్యి నాది. కంపెనీ యజమాని నా పక్కనే ఉన్నాడు, ఫోనులో లైవ్ నడుస్తోంది. జాలీలోంచి బావ గొంతు వినిపించింది. "బామ్మర్దీ, ఊపిరాడటం లేదురా" అన్నాడు. వేళాకోళమని నేను అనుకోలేదు. "రెండు నిమిషాలు ఓర్చుకో బావా" అని నొక్కాను. ఆసుపత్రి వరండాలో కూర్చుని, కంపెనీ వాళ్లడిగారని ఆ వీడియో ముక్క కత్తిరించి పంపిందీ నేనే. అప్పటికింకా బావ లేస్తాడనే అనుకున్నాను. నా ముఖం పడకుండా కత్తిరించాను. చెయ్యి మిగిలిపోయింది. బుధవారం పదింటికి మీ ఇంటికి వస్తాను. నిలబెట్టి అడుగు.