నాటు పాట

గరిడేపల్లి, మంగళవారం.

ఒత్తులు తప్పినా, అక్షరాలు వంకరపోయినా మన్నించాలి. నేను చదివింది ఏడో తరగతే.

మా ఆయన ఉద్యోగం కోసం కోదాడలో జర్మన్ నేర్చుకుంటున్నారు. ఈ రోజు వాళ్ల సార్ భోజనానికి వచ్చారు. జర్మనీ పాటలు కొన్నింటిని అక్కడి కాలేజీల్లో కవిత్వంలా చదువుతారని, వాటి మూలం కాబరేలో ఉందని చెప్పారు. కాబరే అంటే మన పాత సినిమాల్లో డాన్స్ కాదట. వెనకటికి కల్లు దుకాణాల్లాంటి చోట్ల నిలబడి, అధికారంలో ఉన్నవాళ్లను ఎగతాళి చేస్తూ పాడేవారట.

"గదీ సాహిత్యమంటే సార్!" అన్నారు ఆయన.

నాకు అమ్మ గుర్తొచ్చింది. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ దొరను వెక్కిరిస్తూ మడిలో పాడేది. ఆ పాటలే ఈ పుస్తకంలో రాసుకుంటున్నాను.

"నీకు గూడ గసొంటి పాటలొస్తయా చెల్లె?" అని సార్ అడిగారు.

నేను నోరు తెరిచేలోపే ఆయన, "దానియన్ని నాటు పాటలు సార్" అన్నారు.

నాకెంత సంతోషమైందో! "అవును సార్, నాటు పాటలే. మా అమ్మ నాటేసేటప్పుడు పాడేది" అన్నాను.

ఇద్దరూ పడిపడి నవ్వారు.

సార్ వెళ్లాక ఆయన, "నాటంటే మోటని గూడ తెల్వదా? ఇజ్జత్ తీసినవ్. ఆ బుక్కు పొయ్యిల పెట్టు ఇగ" అన్నారు.

పుస్తకాన్ని బియ్యం డబ్బాలో దాస్తున్నాను. ఎవరికైనా దొరికితే ఈ ఒక్క పేజీ చింపి కాల్చేయండి. ముందున్న పేజీల జోలికి పోకండి. అవి అమ్మవి.