నాయనకు కొవ్వెక్కిందట

జూలై 9, బుధవారం. పులివెందుల.

పొద్దున పరుపు దులుపుతుంటే నాయన మాత్రల అట్ట కిందపడింది. అందులోంచి ఒక్క మాత్ర కూడా తియ్యలేదు. కొలెస్ట్రాల్ తగ్గడానికి రోజూ వేసుకోమని ప్రొద్దుటూరు డాక్టరు రాసిచ్చిన మాత్రలవి.

"ఏంది నాయనా ఇది?" అన్నాను.

"చీనీకాయల మండీలో అందరూ నవ్వుతాండారు. 'ఏమప్పా, నీకు కొవ్వెక్కిందంట గదా!' అంటాండారు. దినామూ మూటలు మోసేటోనికి కొవ్వు యాడ్నుంచి వస్తాదిమే? ఆ మాత్ర మింగితే ఒప్పుకున్నట్టే గదా!"

ఆ మాట పుట్టించింది నేనే. మొన్న మండీలో పనిచేసే మామ, నాయనకేమైందని అడిగితే, ఇంగ్లీషు మాట ఎందుకులే అని, "నాయన రక్తంలో కొవ్వెక్కింది మామా" అని గొప్పగా తెలుగులో చెప్పాను. తెలుగు మాటలంటే ప్రాణం అనుకునే నాకు, అది తిట్టు కూడా అని ఆ క్షణాన తట్టనేలేదు. మామ దాన్ని మండీ అంతా పంచిపెట్టాడు.

పోయినేడు పెద్దనాయన గుండె పట్టుకుని కూలిపోయింది ఆ మండీలోనే. ఆయన్ను మోసుకొచ్చినవాళ్ళే ఈరోజు నవ్వుతున్నారు. నాయనకూ అలాగే అయితే...

రేపు పొద్దున నాయన వెంట మండీకి పోతాను. అందరి ముందూ ఆయన చేతిలో మాత్ర పెట్టి, "ఇది గుండె మాత్ర" అంటాను. ఎవరైనా నవ్వితే పెద్దనాయన పేరు ఎత్తుతాను.