మసకబారిన చేపల తొట్టె

అమ్మాయ్, లారీ బయలుదేరుతోంది, తీరిగ్గా చెప్పే టైము లేదు. చేపల తొట్టెలో నీళ్లు మసకబారాయి. మురికనుకుని పారబోసేవు! నీ సంగతి నాకు తెలీదా, నేను టీ తాగుతుండగానే గ్లాసు కడిగేస్తావు. ఆ మసకంతా కంటికి కనపడని పురుగులట. రేపు చేపలు చేసే మురికిని తినేవి అవేనని షాపాయన చెప్పాడు. తొట్టెలో మోటారు ఆపకు. దాని లోపలి స్పాంజికి సబ్బు చూపించకు, ఆ పురుగుల కాపురం అందులోనే. చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత వెయ్యి, ఆ పురుగుల కోసం. నేనొచ్చేదాకా చేపలు కొనకు.

పొద్దున తొట్టె ముందు కూర్చున్నానా, అందులోని మొక్కల ఆకులు ఊగుతూ ఊగుతూ నన్ను సముద్రం అడుక్కి దింపేశాయి. ఒట్టు! లారీ అంత చేప ఎదురొచ్చి, "ఏమయ్యా డ్రైవరూ, మీ కోడలి దగ్గరికి నన్నెప్పుడు తీసుకెళ్తావ్?" అంది. "ఆగవే, నీళ్లకింకా మెలకువ రాలేదు" అన్నాను. తోకతో నా మీసం దువ్వి వెళ్లిపోయింది. ఇంకా తడారలేదు.

మామయ్య

మర్చిపోయా. పోయినసారి చేపలు చచ్చిపోతే "నా చెయ్యే మంచిది కాదు" అంటూ అన్నం మానేశావు. పిచ్చితల్లీ, అప్పటికి నీళ్లు తయారవలేదు, అంతే. ఈసారీ చేపల్ని నీ చేత్తోనే వదలాలి. ఇంకెవరు వదిలినా నేనొప్పుకోను.