ఆరో నంబరు కార్డు

మెదక్,
5 సెప్టెంబరు 1964

సికిందరాబాదు సినిమాల పంపిణీ ఆఫీసులో పనిచేసే రాంచందర్ గారికి,

మెదక్ డ్రాయింగు మాస్టరు కృపాదానం నమస్కారాలు. సినిమా హాలు ముందు అద్దాల పెట్టెలో పెట్టే బొమ్మల కార్డులు, అవీ యుద్ధం సినిమాలవి మాత్రమే, నేను పోగు చేస్తుంటాను. ఇప్పటికి అరవై ఒకటి ఉన్నాయి. మొన్న మా ఊళ్ళో ఆడిన బర్మా యుద్ధం సినిమాకు ఎనిమిది కార్డులు వచ్చాయి. ఏడు నాకిచ్చిన హాలు మేనేజరు ఇంద్రకరణ్, ఇద్దరు సిపాయిలు స్ట్రెచర్ మోసుకెళ్ళే ఆరో నంబరు మాత్రం మీకు తిరిగి పంపాలన్నాడు. దయచేసి అది నాకు ఇప్పించండి.

మీ విధేయుడు,
కృపాదానం

తా.క.: ఇవి సండే స్కూలు బొమ్మలని మా పాస్టరు గారు అనుకుంటున్నారు. నేను కాదనలేదు. బైబిల్లో యెహోషువ చేసినవీ యుద్ధాలే కదా.

సికిందరాబాదు,
14 సెప్టెంబరు

కృపాదానం గారికి,

ఆ కార్డు ఇవ్వడం కుదరదు. ఎనిమిదింటిలో అదొక్కటే ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. మీకెవరు చెప్పారు? నన్ను చూసి నవ్వుకోవడానికి మా ఆఫీసువాళ్ళే మీచేత రాయించి ఉంటే, వాళ్ళ పేర్లు రాయండి.

ఇట్లు,
రాంచందర్

తా.క.: నర్సు వేషం వేసిన దొరసాని కార్డు పంపుతున్నాను. దానితో సర్దుకోండి.

మెదక్,
22 సెప్టెంబరు

రాంచందర్ గారికి నమస్కారాలు.

మిలిటరీ రహస్యమేదో అడిగానేమోనని రెండు రోజులు భయపడ్డాను. నాకెవరూ ఏమీ చెప్పలేదండీ. మా అన్న ఆశీర్వాదం పటాలంలో చేరి బర్మా వెళ్ళి ఇరవై రెండేళ్ళయింది. తిరిగి రాలేదు. ఇంట్లో అతని ఫోటో ఒక్కటీ లేదు. అందుకే ఈ కార్డుల్లో అతని పోలికలు వెతుకుతుంటాను. వీళ్ళంతా వేషాలు వేసినవాళ్ళని తెలుసు, అయినా వెతుకుతాను.

మా అమ్మ యేసమ్మ అంగడి నుంచి వస్తూ ఆరో నంబరు ముందు ఆగిపోయింది. అద్దం మీద వేలు పెట్టి, "నా పెద్దకొడుకు గిండ్ల ఉన్నడు" అంది. వెనక మోస్తున్న సిపాయి ముక్కు అచ్చం మా నాన్న ముక్కే. నవంబరు రెండున ఇక్కడి క్రైస్తవులందరూ తమవాళ్ళ సమాధులకు పూలు పెడతారు. మా అన్నకు సమాధి లేదు. ఆ రోజు ఆ కార్డును నాన్న సమాధి మీద పెట్టాలని అమ్మ కోరిక.

మీ
కృపాదానం

తా.క.: సినిమా ఆడినన్నాళ్ళూ అమ్మ ఆ అద్దాల పెట్టెకు బంతిపూల దండ వేసింది. శతదినోత్సవమేమో అనుకుని జనం ఎగబడితే ఇంకో మూడు రోజులు ఆడించారు.

సికిందరాబాదు,
1 అక్టోబరు

కృపాదానం గారికి,

ఇక ఎక్కడా దండ వేయనివ్వకండి. వెనక మోస్తున్న సిపాయిని నేనే. షూటింగుకు మనుషులు కావాలంటే వెళ్ళి వరుసలో నిలబడ్డాను. నేను సినిమాలో ఉన్నానంటే నమ్మేవాళ్ళు లేరు, నాకున్న సాక్ష్యం ఆ కార్డొక్కటే. అందుకే ఇవ్వనన్నాను. బతికున్నవాడి బొమ్మకు దండ వేశారని తెలిసి మా ఆవిడ గోదావరి నన్ను రోడ్డు కూడా దాటనివ్వడం లేదు.

అయినా మీ అమ్మగారి మాట చదివాక కార్డు నా దగ్గర ఉంచుకోలేకపోయాను. పంపుతున్నాను. ఆమెకు నిజం చెప్పాలో వద్దో మీరే ఆలోచించుకోండి.

మీ
రాంచందర్

తా.క.: స్ట్రెచర్ మీద దుప్పటి కింద ఉన్నది మనిషి కాదు, రెండు ఇసుక బస్తాలు. భుజం ఇప్పటికీ నొప్పే.

మెదక్,
4 నవంబరు

అన్నా రాంచందర్ గారూ,

అమ్మ దగ్గర దాచలేక మీ ఉత్తరం చదివి వినిపించాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె నన్నే తెలివి తక్కువవాడిని చూసినట్టు చూసింది.

"గాయనకు దండ నేనెందుకేస్త? దుప్పటి కింద పండుకున్నోడు నా కొడుకు. మొకం గనవడకుంటేంది? ఎవ్వలు లేక ఆ అడవిల పడిపోయిండేమో అని గిన్నేండ్లు కుమిలిన. గిప్పుడు సూసిన, మోసెటోళ్ళు ఉన్నరు."

నాకు ఏడుపు ఆగలేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. మీ తాజా కలం ఆమెకు చదవలేదు, ఇక చదవను. రెండో తేదీన కార్డు నాన్న సమాధి మీద పెట్టి పూలు చల్లాం. మీకే ఆపదా లేదని గోదావరమ్మ గారికి చెప్పండి.

మీ తమ్ముడు,
కృపాదానం

తా.క.: అమ్మ మిమ్మల్ని ఒక మాట అడగమంది. "దించేటప్పుడు మెల్లగ దించిండ్రా?" జవాబు నేను చెబితే ఒప్పుకోవడం లేదు. మీ చేత్తో రాసి పంపండి.