అడగని పెట్టె

3 నవంబరు 1999, బుధవారం. సాయంత్రం.

పంచదార ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మా అమ్మాయి కావేరి కంప్యూటరు గదిలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. సీడీ పెట్టే ట్రే దానంతట అదే బయటికి వస్తోంది, లోపలికి పోతోంది. కావేరి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని ఉంది.

తెర మీద చిన్న డబ్బాలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి ఉంది. దగ్గరికి వెళ్లి చదివాను.

‘ఇంట్లో అందరూ నవ్వితే నేనూ నవ్వుతాను. ఏటన్నారో తెలీదు. తెలీదని వాళ్లకి తెలియనివ్వను.’

దాని కింద ఇంకో లైను వచ్చింది. ‘ఇప్పుడు కూడా నవ్వు.’

పై మాటలు కావేరివి. తన స్నేహితురాలు మదీహాకి రాసిన మెయిల్లోవట. కింది మాట ఎవడిదో. తెలుగు తెలిసినవాడిదే.

ఫోను వైరు పీకేశాను. వెనక్కి తిరిగితే కావేరి తెరని చూడటం లేదు. నా కళ్లని చూస్తోంది. నేను చదివానని దానికి తెలిసిపోయింది.

ఇంటర్ రెండో ఏడులో మెదడువాపు జ్వరం తర్వాత కావేరికి వినపడటం పూర్తిగా ఆగిపోయింది. మాట ఉంది. మేం చెప్పేది మా పెదాలు చూసి తెలుసుకుంటుందనుకున్నాం. ముఖ్యమైనవి పలక మీద రాస్తాం. మిగతావన్నీ అర్థమవుతున్నాయనే అనుకున్నాం. నాలుగేళ్లుగా.

మా ఆవిడ రత్నం అన్నం తినమంది. కావేరి తినలేదు. నేనూ తినలేదు.

4 నవంబరు

విశాఖపట్నం ఇంతియాజ్‌కి ఫోన్ చేశాను. మదీహా అన్నయ్య. డాబాగార్డెన్స్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేస్తాడు. మదీహాకీ వినపడదు. ఆసుపత్రిలో వాళ్లిద్దరివీ పక్కపక్క మంచాలు. కావేరికి ఉన్న స్నేహం ఆ అమ్మాయి ఒక్కతే. రోజూ సాయంత్రం ఇద్దరూ టైపు చేసుకుంటూ మాట్లాడుకుంటారు. నెట్ ఫోను లైను మీదే కాబట్టి అంతసేపూ మా ఫోను ఎంగేజే. ఫోను మాకు, కంప్యూటరు దానికి. అలా అనుకునే కొన్నాను.

చాటింగ్‌లో ఎవడో గ్రీటింగ్ కార్డు అని చెప్పి ఒక ప్రోగ్రాం పంపి ఉంటాడని, దాన్ని తెరిచినప్పుడు అది లోపల దాక్కుని పెరటి తలుపు తీసి పెట్టి ఉంటుందని ఇంతియాజ్ చెప్పాడు. ఫైర్‌వాల్ పెట్టుకోవాలట. రెండు రకాలట. సాఫ్ట్‌వేర్ ఫైర్‌వాల్ కంప్యూటర్లోనే ఉంటుంది. ఏ ప్రోగ్రాం బయటికి పోతున్నా, ఎవరిని లోపలికి రానిస్తున్నా, పోనివ్వనా రానివ్వనా అని మనల్ని అడుగుతుంది. హార్డ్‌వేర్ ఫైర్‌వాల్ వేరే పెట్టె. ఫోను లైనుకీ కంప్యూటరుకీ మధ్యన ఉంటుంది. మనం పిలవకుండా వచ్చినవాణ్ణి అక్కడే ఆపేస్తుంది, మనల్ని ఏమీ అడగదు. రెడీమేడ్ పెట్టెలు కంపెనీల కోసం. ఇంటికైతే పాత కంప్యూటరుతో తయారు చేసుకోవాలి.

ఏది మంచిదని అడిగాను. కాపలావాడు ఇంట్లో కూర్చోవాలా, వీధరుగు మీద కూర్చోవాలా, అది మీరే సెప్పాలంకుల్ అని నవ్వాడు.

7 నవంబరు, దీపావళి

కావేరి కంప్యూటరు మీద పాత దుప్పటి కప్పేసింది.

10 నవంబరు

సాఫ్ట్‌వేరే పెట్టాను. మ్యాగజైనుతో వచ్చిన సీడీలో దొరికింది. దానితో పాటే ఉన్న యాంటీవైరస్‌తో డిస్కు మొత్తం వెతికించాను. ఒక దొంగ ప్రోగ్రాం దొరికితే తీసేశాను. ఇక లేదనుకున్నాను.

రేడియో బాగుచెయ్యడం దగ్గర్నుంచి నేను ఏది నేర్చుకున్నా పుస్తకం ముందు పెట్టుకునే నేర్చుకున్నాను. ఈ ఫైర్‌వాల్ నాకు నచ్చింది ఎందుకంటే ఇది జరిగినదంతా రాసిపెడుతుంది. లాగ్ అంటారు. రాసి ఉన్నదాన్ని నేను నమ్ముతాను. రాయనిదాన్ని నమ్మడం నాకు అలవాటు లేదు.

కావేరికి పలక మీద రాసి చూపించాను. తెలియని పేరు కనిపిస్తే నో నొక్కు. రత్నానికి కూడా నేర్పాను. మెయిల్ దిగుతుండగా కావేరి లేచి పెరట్లోకో వంటింట్లోకో వెళ్తుంది. అప్పుడు ఎవరైనా చూడాలి కదా.

రత్నం కాసేపు చూసి, “తాళం ఏసేక ఊరుకోవాలి గానీ, ఇదేం తాళవండీ, గడియకోసారి తలుపు తియ్యమంటారా అని మనల్నే అడుగుతాది?” అంది.

కావేరి దుప్పటి తీసింది. కాసేపు కూర్చుంది. అంతే చాలనుకున్నాను.

14 నవంబరు, ఆదివారం

రోజువారీ జమాఖర్చు రాశాక లాగ్ కూడా చూస్తున్నాను. ఎన్నింటికి కనెక్ట్ అయింది, ఎక్కడికి వెళ్లింది, ఎంతసేపు ఉంది. ఉత్తరాల్లో ఏముందో అది చెప్పదు. కవరు మీది అడ్రసు చూడటం లాంటిది. అడ్రసు చూస్తే తప్పేముంది.

ఈ వారం మదీహాతో కాక ఇంకోచోటికి కూడా వెళ్తోంది. చెవిటివాళ్ల సంఘం ఒకటి మద్రాసులో ఉందట. టీచర్ల ట్రైనింగ్ గురించిన పేజీ. రెండు రోజులు వరసగా అక్కడే ఉంది.

సంతోషం వేసింది. దాన్ని ఏమీ అడగలేదు. నాకు తెలుసని ఎలా చెప్పను.

22 నవంబరు, కార్తీక సోమవారం

వాడు మళ్లీ వచ్చాడు.

పొద్దు పోయాక కావేరి అరిచింది. వెళ్లేసరికి తెర మీద బొమ్మంతా తలకిందులైంది. మధ్యలో డబ్బా. ‘తలుపు తీసినందుకు థాంక్స్. నవ్వు.’

వైరు పీకి లాగ్ తెరిచాను. ఏదో ముక్కూ మొహం తెలియని ప్రోగ్రాం బయటివాళ్లని రానివ్వనా అని అడిగింది. దీపాల వేళ. ఎవరో యస్ నొక్కారు. డిస్కులో ఇంకోటి మిగిలే ఉందన్నమాట. నేను వెతికించిన యాంటీవైరస్ పాతది.

నాకు కోపం వచ్చింది. పలక తీసుకుని రాశాను. ‘ఇందాక దీపాల వేళ యస్ ఎందుకు నొక్కావు? అప్పుడు నువ్వు మదీహాతో కూడా మాట్లాడటం లేదు. ఆ మద్రాసు ట్రైనింగ్ పేజీలో ఉన్నావు.’

కావేరి చదివింది. ఇంకోసారి చదివింది. తన గొంతు తనకి వినపడదు కాబట్టి ఎప్పుడూ కొంచెం పైకే వస్తుంది. ఈసారి మెల్లగా వచ్చింది.

“నేనెక్కడున్నానో నీకెలా తెలిసింది నాన్నా?”

తెర మీద లాగ్ తెరిచే ఉంది. నన్ను జరగమని, తనే మౌస్ పట్టుకుని పైకి పైకి జరుపుకుంటూ మొదటి రోజు దాకా చదివింది. నేను పక్కన నిలబడ్డాను.

“ఆడు దొంగతనంగా సదివేడు. నువ్వు కుర్చీ ఏసుకుని సదివేవు.”

ఉత్తరాలు చదవలేదు, అడ్రసులే చూశానని రాయబోయాను. సుద్దముక్క పక్కన పెట్టేశాను.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి రత్నం అంది, “నొక్కింది అది కాదు. నేను.”

కావేరి ఆరేసిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్లిందట. రత్నం ప్రమిద చేత్తో పట్టుకుని ఈ గదిలోంచి తులసికోట దగ్గరికి వెళ్తోందట. తెర మీద డబ్బా వచ్చి అడిగిందట.

“దీపం ఎట్టే యేళ ఎవులైనా అడిగితే లేదు, వద్దు అనకూడదు కదండీ. అందుకని ఔననే నొక్కేను.”

ఆ వేళకి పక్కింటివాళ్లు బియ్యం అడిగితే, ఇంట్లో లేకపోయినా నిండుకున్నాయి అంటుంది గానీ లేవు అనదు. పెళ్లైన దగ్గర్నుంచి వింటున్నాను. అయినా ఆమెకి నో అనడం నేర్పి, కాపలా పెట్టి, ఫ్యాక్టరీకి పోయాను.

ఆమె అన్నదంతా కావేరికి పలక మీద రాయాల్సి వచ్చింది. వేరే రోజైతే నవ్వేది. కంప్యూటరు స్విచ్ ఆపి, దుప్పటి కప్పి వెళ్లి పడుకుంది.

23 నవంబరు

భోజనాల దగ్గర ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన అవసరం కావేరికి రాలేదు.

29 నవంబరు

ఇంతియాజ్ ఫోన్ చేశాడు. వారం నుంచి కావేరి కనిపించడం లేదని, తన వల్ల తప్పేదైనా జరిగిందా అని మదీహా అడుగుతోందట. రోజూ సాయంత్రం కంప్యూటరు పెట్టుకుని ఎదురు చూస్తోందట. కావేరికి పలక మీద రాసి చూపించాను. చేత్తో తుడిచేసింది.

ఈ పిల్ల మాట్లాడే మనిషి లోకంలో ఒక్కరే ఉంటే, ఆ దారి కూడా మూసుకుంది. బయటివాడు సగం మూశాడు. మిగతా సగం నేను.

5 డిసెంబరు, ఆదివారం

విశాఖపట్నం వెళ్లాను. ఇంతియాజ్ ఒక పాత 486 కంప్యూటరు తీసి పెట్టాడు. అందులో హార్డ్ డిస్క్ లేదు. ఒక్క ఫ్లాపీలో ఉన్న లినక్స్‌తోనే పని చేస్తుంది. ఫోను లైను దీనికి, దీన్నుంచి ఇంకో వైరు కావేరి కంప్యూటరుకి. లోపలివాళ్లు పిలిస్తే జవాబుని రానిస్తుంది. పిలవనివాణ్ణి రానివ్వదు. ఎవర్నీ ఏదీ అడగదు.

లోపాలు కూడా దాచకుండా చెప్పాడు. ఇప్పటికే లోపల దాక్కున్నవాణ్ణి ఇది పట్టుకోలేదు. అందుకని కావేరి కంప్యూటరు ముందు మొత్తం తుడిచెయ్యాలి. రేపు కావేరే ఇంకో గ్రీటింగ్ కార్డు తెరిస్తే ఇది పసిగట్టదు. లోపలి మనిషిని నమ్ముతుంది, అంతే.

సాఫ్ట్‌వేరైతే పసిగడుతుంది కదా అన్నాను. పసిగడుతుంది, కానీ మిమ్మల్ని అడుగుతుంది, జవాబు చెప్పే మనిషిని బట్టే అది కాపలా అన్నాడు. వీలైతే రెండూ ఉంచుకోవడం మంచిదన్నాడు.

బల్ల మీద స్క్రూలు ఏరుతూ ఇంకో మాట అడిగాడు. ఈ పెట్టె చేత కూడా లాగ్ రాయించవచ్చట. ఏ రోజు ఎక్కడికి వెళ్లిందీ అన్నీ. పెట్టమంటారా అంకుల్.

మనసులో రెండు తిరిగాయి. కావేరికేమైనా అయితే నాకు తెలియాలి కదా అని ఒకటి. అది నా మొహం కేసి చూసిన చూపు ఒకటి. టీ వచ్చింది. చల్లారిపోయింది.

వద్దన్నాను. సాఫ్ట్‌వేరు కూడా తీసేస్తానన్నాను.

ఇంతియాజ్ ఫ్లాపీ మూలనున్న చిన్న టాబ్ పక్కకి జరిపి చూపించాడు. అలా జరిపితే దాని మీద ఇంక ఎవరూ ఏమీ రాయలేరు. పెట్టె కూడా.

12 డిసెంబరు, ఆదివారం

ఇంతియాజ్ పెట్టెని గోనెపట్టాలో చుట్టి, అనకాపల్లి మీదుగా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. రంజాన్ నెల, ఉపవాసం. మంచినీళ్లు కూడా వద్దన్నాడు.

తుడిచే ముందు కావేరి తన ఉత్తరాలు ఫ్లాపీల్లోకి ఎక్కించుకుంది. నేను వీధరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చున్నాను. పూర్తయ్యాక వచ్చి నా భుజం తట్టింది. ఇరవై రోజుల్లో నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

పెట్టె బిగించేసరికి పొద్దు వాలింది. ఇంతియాజ్ వాచీ చూసుకుని జేబులోంచి ఖర్జూరాల పొట్లం తీశాడు. రత్నం అప్పుడే దీపం వెలిగించి, అతనికి మంచినీళ్లు తెచ్చింది. ఇద్దరి వేళా ఒకటే అని ఆమెకి ఇవాళే తెలిసిందట.

“బాబూ, నీ పెట్టి నన్నేటీ అడగదు కదా?” అంది.

“అడగదాంటీ. మీరు నిమ్మళంగా దీపం ఎట్టుకోండి” అన్నాడు.

13 డిసెంబరు

నేను నెట్ కలిపి ఉంచితే, ఇంతియాజ్ తన ఇంటి నుంచి మా కంప్యూటర్లోకి రావాలని ప్రయత్నించాడట. నాకు తెలిసిన దారులన్నీ మూసే ఉన్నాయి అంకుల్ అని ఫోన్ చేశాడు.

15 డిసెంబరు

కావేరి ఆ గదిలోకి వెళ్లలేదు.

17 డిసెంబరు, శుక్రవారం

ఇవాళ వెళ్లింది. కంప్యూటరు దగ్గరికి కాదు, పెట్టె దగ్గరికి. దాని మీద అరచెయ్యి పెట్టి, లోపల ఫ్యాను తిరగడం తెలుస్తోందేమో, చాలాసేపు అలాగే ఉంది. చుట్టూ తిరిగి చూసింది. దానికి తెర లేదు. కీబోర్డు లేదు. నన్ను పిలిచింది.

“ఇందులో నీకేటి కనపడతాది నాన్నా?”

పలక మీద రాశాను. ‘ఏమీ కనపడదు.’

“మరి నాకేటైనా అయితే నీకెలా తెలుస్తాది?”

నేను పదిహేను రోజులుగా నన్నే అడుగుతున్న ప్రశ్న. జవాబు ఆలోచించి రాసింది కాదు. చెయ్యి రాసేసింది. ‘నువ్వు చెప్తే తెలుస్తుంది.’

కావేరి చదివింది. పలక తుడవకుండా కంప్యూటరు బల్ల మీద నిలబెట్టి వెళ్లిపోయింది.

20 డిసెంబరు, సోమవారం

ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ జోరుగా ఉంది, ఇంటికి వెళ్లేసరికి ఆలస్యమవుతుందని చెబుదామని సాయంత్రం కాటా గదిలోంచి ఫోన్ చేశాను. ఎంగేజ్.

రెండు చెరకు బళ్లు తూచాక మళ్లీ చేశాను. ఎంగేజ్.

లైను పాడైందేమో, ఎక్స్ఛేంజికి చెబుదామా అన్నాడు పక్క గుమస్తా. బాగానే ఉందన్నాను. బయట బళ్లవాళ్లు కేకలు వేస్తున్నారు. రిసీవరు పెట్టెయ్యకుండా ఆ ఎంగేజ్ శబ్దం ఇంకా కాసేపు విన్నాను.