గడియారం వేసిన అడుగులు

పిన్నికి నమస్కారాలు.

నువ్వు క్షేమమే అనుకుంటాను, నీ మోకాళ్లు తప్ప. మోగిందంటే కత్తెర వంకర పోతుందని ఫోనే వద్దన్నావు. అందుకని సెల్‌ఫోన్ల సర్వీస్ సెంటర్‌లో కూర్చుని నేను ఉత్తరాలు రాస్తున్నాను. మా వాళ్లు చూసి ఒకటే నవ్వు.

డబ్బాలో ఉన్నది సిమ్ వేసిన చేతి గడియారం. నువ్వెన్ని అడుగులు వేస్తే అన్నీ లెక్కపెట్టి నా ఫోన్‌లో చూపిస్తుంది. మోకాళ్ల డాక్టరు ఏమన్నాడో గుర్తుందిగా? మిషను ముందు కూర్చుని కూర్చుని బిగుసుకుపోయాయి, నెల రోజులు రోజుకి ఐదు వేల అడుగులు పడాలి, లేదా కుట్టుపని మానెయ్యాలి అన్నాడు. అడుగులు పడలేదో, మిషను తీయించేసి నిన్ను మా ఇంటికి తెచ్చేసుకుంటా. మళ్లీ అమ్మడు చెప్పలేదనొద్దు.

స్నానానికి వెళ్లేటప్పుడు తీసెయ్యి. పట్టీ మరీ బిగించకు.

నీ అమ్మడు

తా.క. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టకు. నీ సంగతి తెలిసే చెబుతున్నా.

*

అమ్మడుకి పిన్ని దీవెనలు.

గడియారం అందింది. మూడు రోజులుగా కట్టుకున్నా. పొద్దున్నించి సాయంత్రం దాకా కాళ్లు ఆడుతూనే ఉన్నాయి, అది మాత్రం మూడు వందల పది దగ్గర మొండికేసి కూర్చుంది. గుడ్డ పట్టిన చెయ్యి కదలకూడదు కదే, కదిలితే కుట్టు పాడు! పైగా గంటకోసారి మణికట్టు దగ్గర గిలిగింత పెట్టి ‘లేచి నిలబడండి’ అంటుంది. కాజా కుడుతున్న మనిషిని లేవమనడానికి దానికెంత ధైర్యం! ఉలిక్కిపడి సూది వేల్లో దింపుకున్నా.

నువ్వేం దిగులుపడకు. మొండి మిషన్లని ఎన్నింటిని దారికి తెచ్చాను! దీన్నీ తెస్తా.

మీ పిన్ని

తా.క. డబ్బాలో ఇంకో పట్టీ ఉంది. చేతికి మరీ పొడుగు. ఏనుగుకి కుట్టారా?

*

పిన్నికి, కంగారుపడుతూ అమ్మడు రాసేది.

ఏమిటిది పిన్నీ? సోమవారం ఇరవై ఎనిమిది వేలు, మంగళవారం ముప్పై ఒక్క వేలు! నడవమన్నాను గానీ దేశాలు పట్టిపొమ్మన్నానా? మా సెంటర్‌లో గోడ మీద బోర్డు పెట్టి రోజూ నీ అడుగులు రాస్తున్నారు. మా మేనేజరు సిగ్గుపడి లిఫ్టు ఎక్కడం మానేశాడు.

కానీ అసలు భయం అది కాదు. నీ గుండె కొట్టుకోవడం కొన్నిసార్లు అసలు కనపడటం లేదు. గుండె లేకుండా ముప్పై వేల అడుగులు నడిచే మనిషిని నేనెక్కడా చూడలేదు. ప్రాణం ఆగక మీ కింది వాటా ఆవిడకి ఫోన్ చేశా. ‘మిషను చప్పుడు వినపడుతోందమ్మా, బానే ఉంది’ అంది. అంత నడిచి వచ్చి మళ్లీ కుడుతున్నావా? అమ్మ పోయాక నాకున్నది నువ్వొక్కదానివే. తగ్గించు, నీకు దణ్ణం పెడతా.

నీ అమ్మడు

తా.క. ఏ చెప్పులు వేసుకుంటున్నావు? మేనేజరు అడగమన్నాడు.

*

అమ్మడుకి పిన్ని దీవెనలు.

తగ్గించమంటే ఎలా తగ్గిస్తానే? బడి పిల్లల యూనిఫారాలు అరవై జతలు ఒప్పుకున్నా. అవి అయ్యేదాకా ముప్పై వేలకి తగ్గదు. ఆదివారం పడుకుంటాలే. నా గుండెకేం, దిట్టంగా ఉంది. నీ గడియారానికి దొరక్కపోతే నా తప్పా?

మీ మేనేజరుకి చెప్పు, చెప్పులేమీ లేవు, వట్టి కాళ్లే.

మీ పిన్ని

తా.క. అన్నట్టు ఆ పొడుగు పట్టీ చీలమండకి చక్కగా సరిపోయింది. కాలి పనికి కాలికే కట్టాలని ముందే చెబితే మూడు రోజులు వృథా అయ్యేవి కాదుగా!

*

పిన్నికి,

బోర్డు చెరిపేశారు. మేనేజరు మళ్లీ లిఫ్టెక్కుతున్నాడు. వాళ్ల నవ్వుకి నేను కౌంటర్ కింద దూరాల్సి వచ్చింది. కూర్చుని మిషను తొక్కి దాన్ని నడక అంటావా? నిన్ను నమ్మి డాక్టరుకి కూడా గొప్పగా చెప్పుకున్నా. నీకు మోకాళ్లు పోయినా ఫర్వాలేదు, మిషను ఉంటే చాలు. నాకు కోపం కాదు, ఏడుపొస్తోంది.

సోమవారం వెళ్లి డాక్టరుకి మోకాళ్లు చూపించు. ఆదివారం నేను వ్యాను తీసుకొస్తున్నా. మిషను ఎక్కించేస్తా. ఇక మాటల్లేవు.

అమ్మడు

తా.క. యూనిఫారాలు ఎన్ని మిగిలాయి?

*

అమ్మడుకి పిన్ని దీవెనలు.

నీ ఉత్తరం చదివి మిషను మీద తలపెట్టి ఏడ్చాను. ముప్పై ఏళ్లుగా నా బతుకు అదే. నిన్ను మోసం చేశాననుకున్నావే, అది ఇంకా బాధ. నాకు నిజంగా తెలీదే.

డాక్టరు దగ్గరికి వెళ్లా. మోకాళ్లు వంచాడు, చాపాడు, మళ్లీ వంచాడు. ‘వాపు పోయింది, బాగా వదులయ్యాయి, ఇప్పుడు చేస్తున్నదే చెయ్యండి’ అన్నాడు. ఏం చేస్తున్నానో నాకే అంతుబట్టలేదు. ఇంటికొచ్చేదాకా ఆలోచించా.

నా గదిలో ప్లగ్గు నిప్పురవ్వలు కక్కుతుంది. అందుకని ఏడు వీధుల అవతల లాండ్రీ ఆవిడ దగ్గర గడియారానికి ఛార్జింగ్ పెట్టిస్తున్నా. పొద్దున్న ఇచ్చి రావడం, మధ్యాహ్నం వెళ్లి తెచ్చుకోవడం. కింది వాటా ఆవిడనే అడగొచ్చుగా అంటావు. ఆవిడ బట్టలు మూడు నెలలుగా నా దగ్గరే ఉన్నాయి, ఏ మొహంతో అడగను?

నిన్న నోటితో లెక్కపెట్టుకుంటూ నడిచా. రెండు రాకపోకలకి ఆరు వేల నలభై! అన్నీ నిజం అడుగులే. వెళ్లేటప్పుడు అది చచ్చి సంచిలో ఉంటుంది, తక్కినప్పుడు లాండ్రీలో ఉంటుంది, తెచ్చేటప్పుడు ఆపేస్తే డబ్బాలో పడుకుంటుంది. పాపం, దానికేం తెలుస్తుంది?

ఆదివారం రా. వ్యాను వద్దు, వట్టి చేతుల్తో రా. భోంచేసి, ఇద్దరం కలిసి ఛార్జింగుకి నడుద్దాం.

మీ పిన్ని

తా.క. ప్లగ్గు బాగుచేయిస్తానని ఎలక్ట్రీషియన్‌ని పంపావో, చూడు మరి!