కొలిపించని ఇల్లు

తమ్ముడూ,

నువ్వు మస్కట్‌లో చనిపోయి ఈ రోజుకు ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదు కాబట్టే నిజం రాస్తున్నాను.

శంషాబాద్‌లో నీ కోసం నేను చూసి కొన్న ఇంటికి నిన్న సర్వేయర్ వచ్చాడు. పక్క జాగా యజమాని అతన్ని పిలిపించాడు. గొలుసు పట్టి కొలిచి, వంటగదీ, నీ పిల్లలు పడుకునే గదీ పక్కవాడి జాగాలో ఉన్నాయని తేల్చాడు. నెలలోగా కూల్చుకోవాలట.

కొనేముందే కొలిపించమని నువ్వు రెండుసార్లు రాశావు. అమ్మినవాడు మీ బావకు దగ్గరి చుట్టం. కొలుస్తామంటే మొహం మాడ్చుకున్నాడు. నేను ఊరుకుని, అంతా కొలిపించానని నీకు రాశాను. నువ్వు నమ్మావు.

సర్వేయర్ వెళ్లాక నీ భార్య మార్త నా దగ్గరకు వచ్చింది.

"వదినా, కొనేటప్పుడు కొలిపియ్యలేదా?"

"కొలిపిద్దామనే అన్న. నీ మొగుడే వద్దన్నడు, దండుగ అన్నడు."

"ఆయన గట్ల అన్నడా?"

"అన్నడు." రెండోసారి చెప్పడం తేలికగా ఉంది.

ఆమె ఏడవలేదు. ఈ రోజు పొద్దున ఇక్కడి నీ సమాధి దగ్గరకు పిలిస్తే, "నువ్వు పో వదినా, నేను రాను" అంది. పిల్లల్నీ పంపలేదు.

నేనొక్కదాన్నే వెళ్లాను. పాస్టరుగారు ప్రార్థన చేసి, "పెండ్లాం రాకున్నా అక్క వచ్చింది. గిసువంటి అక్క ఎవరికి దొరుకుతదమ్మా" అన్నారు.

నేను తల వంచుకుని ఆమెన్ అన్నాను.

నీ అక్క